పసిమనసు: ఇంటికి చేరిన బిడ్డతో తొలి ఏడాది

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని విడిగా తీసి పెట్టుకున్నాను. మూడూ ఒకే విషయానికి చెందినవి. భారతదేశంలోని శిశుగృహాల నుంచి దత్తత వెళ్ళి, విదేశాలలోని తెలుగు ఇళ్ళకు చేరిన పసిపిల్లల గురించి, వాళ్ళతో ఆ ఇళ్ళు గడిపే మొదటి సంవత్సరం గురించి రాసినవి. దత్తతకు కావలసిన కాగితాల గురించి అడిగేవారు చాలామంది ఉన్నారు కానీ, బిడ్డ గడప దాటి లోపలికి వచ్చిన తరువాత ఏం చేయాలని అడిగేవారు తక్కువ. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ముగ్గురికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము అమెరికాలో డాలస్ నగరానికి దగ్గరలో ఉంటున్నాం. ఇద్దరమూ అమెరికా పౌరులమే. మూడేళ్ళకు పైగా ఎదురుచూసిన తరువాత, భారతదేశంలో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా ద్వారా మహారాష్ట్రలోని ఒక శిశుగృహం నుంచి పాపను దత్తత తీసుకున్నాం. ఇంటికి వచ్చేనాటికి పాపకు 21 నెలలు, వచ్చి ఇప్పటికి ఐదు నెలలయింది. పాప మావారిని వదలదు. నేను ఎత్తుకోబోతే వెనక్కి విరుచుకుంటుంది, నేను పెట్టిన ముద్ద ఉమ్మేస్తుంది. అదే పాప, వచ్చిన రెండో వారంలో మేము స్నేహితులను భోజనానికి పిలిచినప్పుడు, అరవై మందిలో ఎవరు చేతులు చాస్తే వారి చంకెక్కింది. వెళ్ళిపోతున్న ఒకావిడ కొంగు పట్టుకుని కారు దాకా నడిచింది. అందరూ 'ఎంత కలుపుగోలు పిల్లో' అన్నారు, నాకు మాత్రం గుండె జారిపోయింది. ఎంత పెట్టినా చాలనదు, ఇడ్లీ ముక్కలు దిండు కింద దాచుకుంటుంది. రాత్రి రెండు మూడుసార్లు కెవ్వుమని లేస్తుంది. రోజూ సాయంత్రం వీధి తలుపు దగ్గర నిలబడి 'భూర్, భూర్' అంటుంది. బూరెలు అడుగుతోందేమోనని ఒకరోజు పూర్ణం బూరెలు వండి పెట్టాను, తిన్నది కానీ మళ్ళీ తలుపు దగ్గరకే వెళ్ళింది. దత్తత తరువాత పాప ఎలా ఉందో కారాకు పంపే నివేదికలలో రెండోదాని కోసం వచ్చే నెల సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. ఇవన్నీ చెబితే పాపను తీసుకుపోతారేమోనని భయంగా ఉంది. చివరగా ఒక మాట. నేను ఈ పిల్లను ఇంకా ప్రేమించడం లేదేమోనని కొన్ని రాత్రులు అనిపిస్తోంది. ఇది ఎవరికీ చెప్పలేదు.
ఒక తల్లి, టెక్సస్

జవాబు: మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోవడమే మీ మిగిలిన కష్టాలన్నిటినీ రెట్టింపు చేస్తోంది. తొమ్మిది నెలలు కడుపులో మోసి కన్న తల్లికి కూడా, పురుడు పోసుకున్న తరువాత కుంగుబాటు వస్తే మనం దాన్ని జబ్బుగా గుర్తించి వైద్యం చేయిస్తున్నాం. మీకు ఒక ఆఫీసు గదిలో, ఒక గంటలో, అప్పటికే నడక వచ్చిన బిడ్డను చేతికి ఇచ్చారు. ఆ బిడ్డ ఐదు నెలలుగా మిమ్మల్ని తోసేస్తోంది, మీకు నిద్ర లేదు. ఈ స్థితిలో ప్రేమ పొంగిపొర్లకపోవడం మీ తల్లితనంలో లోపం కాదు. దత్తత తరువాత తల్లికీ తండ్రికీ కూడా కుంగుబాటు రావచ్చునని వైద్యులకు బాగా తెలుసు. ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం రెండు వారాలకు మించి సాగుతుంటే, ఆ విషయాన్ని ముందు మీవారికి, ఆ వెంటనే మీ డాక్టరుకు చెప్పండి.

మన ఇళ్ళలో బాలింతను ఎలా చూసుకుంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆమెను వంటింట్లోకి రానివ్వరు, పథ్యం ఎవరో వండి పెడతారు, చుట్టాలు గుమ్మం దగ్గరనుంచే చూసి వెళతారు, బిడ్డ తల్లి ఒంటి వేడిని వదలకుండా ఉంటుంది. మైల పేరుతో పెట్టినా, మరే పేరుతో పెట్టినా, ఆ కట్టుబాటు తల్లీబిడ్డలు ఒకరి వాసన మరొకరు తెలుసుకోవడానికి కొంత సమయాన్ని కాపాడి ఇచ్చింది. మీకు ఆ పురుడు దక్కలేదు. ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి దిగిన రెండో వారానికే మీరు అరవై మందికి వండి వడ్డించారు. నన్ను సంప్రదించే ప్రతి దత్తత కుటుంబానికీ నేను చెప్పేది ఇదే: ఆ పురుడును ఇప్పుడు మొదలుపెట్టండి, దానికి పదకొండు రోజులు చాలవు, ఏడాది పాటు పెట్టుకోండి.

ఎందుకంటే మీ పాపకు రెండు వయసులు ఉన్నాయి. పుట్టినరోజు లెక్కన 26 నెలలు, మీ ఇంట్లో ఐదు నెలలు. ఐదు నెలల పసికందు రాత్రి మూడుసార్లు లేస్తే మీరు ఆశ్చర్యపోరు, అది మిమ్మల్ని ఇష్టపడడం లేదని అనుకోరు. ఈ రెండో వయసును దృష్టిలో పెట్టుకుని చూస్తే పాప చేసే పనులలో సగం సహజంగా కనిపిస్తాయి. మిగిలిన సగానికి కారణం దుఃఖం. దత్తత అంటే ఏమిటో, మీరు ఎన్నేళ్ళు ఎదురుచూశారో పాపకు తెలియదు. తనకు తెలిసిందల్లా ఒక ఉదయం తన ఆయా, తన మంచం, పక్క మంచంలో పిల్ల, ఫినాయిల్ వాసన, మరాఠీ మాటలు అన్నీ ఒకేసారి మాయమైపోవడం. ఆ తరువాత పగలు రాత్రయింది, రాత్రి పగలయింది. మీ ఊరికీ మహారాష్ట్రకూ మధ్య, కాలాన్ని బట్టి, పదిన్నర నుంచి పదకొండున్నర గంటల తేడా ఉంటుంది. తల్లిలాంటి మనిషి దూరమైన ఏడాది, రెండేళ్ళ పిల్లలు మొదట ఏడ్చి గొడవ చేస్తారని, తరువాత కుంగిపోతారని, ఆ పైన ఏమీ పట్టనట్లు ఉండిపోతారని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ, ఆయన సహచరులు ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలోనే గమనించి రాశారు. మీ పాప ఇంకా ఏడుస్తోంది, గొడవ చేస్తోంది. వినడానికి కష్టంగా ఉన్నా, ఏడ్చే బిడ్డ ఇంకా ఎవరో వస్తారని నమ్ముతోందని అర్థం.

ఇక మిమ్మల్నే ఎందుకు తోసేస్తోందన్న ప్రశ్న. శిశుగృహంలో పిల్లలను చూసుకునేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే, వాళ్ళు డ్యూటీలు మారుతూ వచ్చిపోతుంటారు. వాళ్ళలో ఒకరిని పాప తన మనిషిగా ఎంచుకుని ఉంటుంది, ఆ మనిషి ఒక ఉదయం కనిపించకుండా పోయింది. కాబట్టి అన్నం పెట్టే ఆడమనిషి అంటే వెళ్ళిపోయే మనిషి అన్నది పాప నేర్చుకున్న పాఠం, మీరు ఆ స్థానంలోనే నిలబడి ఉన్నారు. మీవారు అలా కాదు, అలాంటి మనిషి తనకు కొత్త, ఆయనతో పాత గాయమేమీ లేదు. మగవాళ్ళను చూస్తేనే భయపడి తండ్రి దగ్గరకు నెలల తరబడి వెళ్ళని పిల్లలు కూడా ఉన్నారు. ఏది జరిగినా సరిదిద్దే దారి ఒక్కటే, దగ్గరైన మనిషి వంతెన కావాలి. రేపటి నుంచి పాపకు అన్నం, స్నానం, నిద్ర మీ చేతిమీదుగా జరగాలి, మీవారు అక్కడే పక్కన కూర్చుని ఉండాలి. ఆయన వదిలి వెళ్ళకూడదు, కానీ ముద్ద ఆయన కలపకూడదు. మొదట ఆయన ఒడిలో కూర్చున్న పాపకు మీరు పెట్టండి, తరువాత మీ ఒడిలోకి మార్చండి. పాప ముఖం పక్కకు తిప్పుకుంటే బలవంతంగా మీ వైపు తిప్పకండి. అద్దం ముందు, వీపు మీ గుండెకు ఆనేలా కూర్చోబెట్టుకుంటే అద్దంలో మీ కళ్ళలోకి తనే చూస్తుంది. కొబ్బరినూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించండి, ముందుగా అరికాళ్ళతో మొదలుపెట్టండి, ఒప్పుకున్నంత వరకే పైకి రండి. దోబూచులాట రోజుకు పదిసార్లు ఆడండి. చేతుల వెనక మాయమైన ముఖం మళ్ళీ వస్తుందని ఆ ఆట చెప్పినంత బాగా మాటలు చెప్పలేవు. పాప ఉమ్మేసినప్పుడు 'అమ్మ ఏడుస్తుంది' అనకండి, మీ బాధను మోసే బాధ్యత పాప మీద పెట్టకూడదు.

మీరు ఉద్యోగం సంగతి రాయలేదు. చేస్తుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో ఏడాదికి పైగా పూర్తికాలం పనిచేస్తున్నవారికి, బిడ్డ చేతికి వచ్చిన 12 నెలలలోపు 12 వారాల జీతం లేని సెలవు అమెరికా చట్టం ఇస్తోంది. అది దత్తతకు కూడా వర్తిస్తుంది, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వర్తిస్తుంది. ఇంకా వాడుకోకపోతే మీ సెలవును ఇప్పుడు వాడుకోండి.

ఆ భోజనం రోజున జరిగినదానికి మీ గుండె జారిపోవడం సరైన స్పందనే. ఎవరు చేతులు చాస్తే వారి దగ్గరకు వెళ్ళడం కలుపుగోలుతనం కాదు. పదిమంది పిల్లలకు ఒకే ఆయా ఉన్నచోట, వచ్చిన ప్రతి మనిషినీ నవ్వుతో పట్టుకున్న బిడ్డకే ఒక నిమిషం ఎక్కువ ఒడి దొరుకుతుంది. మీ పాప ఆ విద్య నేర్చుకుని బతికింది, ఇప్పుడు ఆ విద్య అవసరం లేదని తెలియాలి. అందుకు కొన్ని నెలలపాటు పాపను ఎత్తుకోవడం, తినిపించడం, కడగడం, ఏడిస్తే సముదాయించడం మీరిద్దరే చేయాలి. స్నేహితులు రావచ్చు, ఆడించవచ్చు, చేతులు ఊపవచ్చు. పాప చేతులు చాచి వారి దగ్గరకు వెళితే, 'అమ్మ అదిగో' అని నవ్వుతూ మీ వైపు తిప్పాలి. ఇది వాళ్ళను అవమానించడం కాదని ముందే చెప్పి ఉంచండి. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 తరువాత శిశుగృహాలలోని 136 మంది పిల్లలపై అమెరికన్ పరిశోధకులు సాగించిన అధ్యయనంలో, వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు చేర్చి ఏళ్ళ తరబడి గమనించారు. ఒక స్థిరమైన మనిషితో పెనవేసుకునే శక్తి ఆ పిల్లలలో తిరిగి వచ్చింది. సుమారు రెండేళ్ళలోపు కుటుంబానికి చేరిన పిల్లలలో ఆ మార్పు మరింత స్పష్టంగా కనిపించింది. మీ పాప 21వ నెలలో మీ ఇంటికి వచ్చింది.

దిండు కింద ఇడ్లీ ముక్కల గురించి. అది దొంగతనం కాదు, ఆశపోతుతనం అంతకన్నా కాదు. గంట కొట్టినప్పుడే అన్నం దొరికిన చోట, త్వరగా మింగిన బిడ్డకే కడుపు నిండుతుంది. అందువల్ల 'చాలు' అనే మాట ఈ ఏడాది మీ ఇంట్లో వినపడకూడదు, దానికి బదులు 'ఇంకా ఉంది' అన్న మాట వినపడాలి. వేళకు భోజనం, మధ్యలో రెండు చిరుతిళ్ళు తప్పకుండా పెట్టండి. వంటింట్లో పాప చేతికి అందే ఎత్తులో ఒక మూత డబ్బా ఉంచి, అందులో మెత్తటి చపాతీ ముక్కలు, అరటిపండు ముక్కలు పెట్టి, ఎప్పుడు చూసినా ఖాళీగా ఉండకుండా చూసుకోండి. పడుకునేటప్పుడు ఆ డబ్బాను మంచం పక్కన పెట్టమంటే పెట్టండి. మొదటి వారాలలో పాప దానిలోనుంచి తిన్నదెంతో లెక్కపెట్టకండి. నోట్లో కుక్కుకుని మింగకుండా ఉంచుకునే అలవాటు ఉంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కనుక, ముద్దలు చిన్నవిగా పెట్టి పక్కనే కూర్చోవాలి. ఇక్కడ మనకు ఒక గొప్ప వసతి ఉంది. దత్తత బిడ్డకు ఒడిలో కూర్చోబెట్టుకుని చేత్తోనే తినిపించండని పాశ్చాత్య నిపుణులు ఇప్పుడు తల్లులకు ప్రత్యేకంగా నేర్పుతున్నారు. ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా పిసికిన అన్నం గోరుముద్దలుగా పెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అమెరికాలో పిల్లలు ఏడాది దాటితే తమంతట తామే తినాలన్న పట్టింపు ఉన్నవారు చుట్టూ ఉంటారు, ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట వినకండి.

నిద్ర విషయంలోనూ అంతే. పాప పుట్టినప్పటినుంచి పదిమంది పిల్లల ఊపిరి వింటూ, ఎక్కడో ఒక దీపం వెలుగుతుండగా పడుకుంది. తలుపు వేసిన విడి గదిలో, నిశ్శబ్దంలో పడుకోమనడం తనకు శిక్షలా ఉంటుంది. పాప మంచాన్ని మీ మంచానికి ఆనించి వేయండి, చిన్న దీపం ఉంచండి, మీ చెయ్యి తన మీదకు అందాలి. ఏడవనిస్తే అదే అలవాటుపడి పడుకుంటుందన్న పద్ధతిని ఈ బిడ్డ మీద ప్రయోగించకండి. ఏడ్చినా ఎవరూ రారన్న పాఠం పాపకు వచ్చే ఉంటుంది, మరచిపోవలసింది కూడా దాన్నే. కళ్ళు తెరిచే ఉండి, మిమ్మల్ని గుర్తుపట్టకుండా అరుస్తుంటే అది నిద్రలోనే వచ్చే భయం. లేపకుండా, పడిపోకుండా కాసుకుని, మెల్లగా ఒకే మాట అంటూ పక్కన ఉండండి.

ఇప్పుడు 'భూర్'. మరాఠీ ఇళ్ళలో పసిపిల్లలతో 'భూర్' అంటే బయటకు షికారు వెళ్ళడం. ఐదు నెలలుగా మీ పాప సాయంత్రం పూట తలుపు దగ్గర నిలబడి, తనకు వచ్చిన కొద్ది మాటలలో ఒకదానితో మీతో మాట్లాడుతోంది. ఆ బూరెలు వండిన చేతులు పాప మాట వినాలని ఎంత ప్రయత్నించాయో నాకు అర్థమయింది. రేపు సాయంత్రం తనకన్నా ముందే మీరు 'భూర్ వెళ్దామా' అని చెప్పులు తొడగండి. నిద్రకు మరాఠీ తల్లులు 'గాయీ గాయీ' అంటారు, దానితోపాటు మన 'బజ్జో' కూడా చేర్చండి. మరాఠీ తెలిసిన వారెవరినైనా అడిగి పిల్లలతో వాడే ఇరవై మాటలు రాసుకోండి. ఈ వయసులో దూరమైన భాష కొద్ది నెలల్లోనే నోటినుంచి జారిపోతుంది, ఆ లోపల అది మీకు దారి చూపాలి. ఇంట్లో నిస్సంకోచంగా తెలుగే మాట్లాడండి. రెండు భాషలు విన్నందువల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. మీకు ముద్దు చేయడం, లాలించడం ఏ భాషలో వచ్చో పాపకు ఆ భాషే మొదట కావాలి.

వైద్యం గురించి కొద్దిగా. అంతర్జాతీయ దత్తత బిడ్డలను చూసిన అనుభవం ఉన్న పిల్లల డాక్టరుకు ఇంకా చూపించకపోతే వెంటనే చూపించండి. రక్తహీనత, సీసం, విటమిన్ డి, థైరాయిడ్, హెపటైటిస్ పరీక్షలు, మలంలో పరాన్నజీవుల పరీక్ష, క్షయ పరీక్ష, చూపు, వినికిడి పరీక్షలు మామూలుగా చేస్తారు. వీటిలో హెపటైటిస్, క్షయ పరీక్షలను ఆరు నెలల ప్రాంతంలో మళ్ళీ చేయవలసి ఉంటుంది, మీకు ఆ సమయం దగ్గరపడింది. పుట్టగానే వేసిన బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఎడమ భుజం మీద ఉంటుందని, ఆ టీకావల్ల క్షయ చర్మపరీక్షలో ప్రతిచర్య కనిపించవచ్చునని డాక్టరుతో చెప్పండి. వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధులు సికిల్ సెల్, తలసేమియా ఉన్నాయేమో పరీక్షించమని కూడా అడగండి. శిశుగృహంలో గడిపిన ప్రతి మూడు నెలలకు సుమారు ఒక నెల ఎదుగుదల వెనకబడుతుందని మిన్నెసోటా విశ్వవిద్యాలయ వైద్యులు చాలాకాలం కిందటే లెక్కగట్టారు. కాబట్టి పాప వయసుకు చిన్నగా ఉంటే కంగారు పడకండి, ఇంటి అన్నంతో చాలామంది ఆ దూరాన్ని అందుకుంటారు. మూడేళ్ళు నిండని పిల్లలకు మాట, నడక, ఎదుగుదల అంచనా వేసి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం మీ రాష్ట్రంలో ఉంది, అంచనాకు రుసుము ఉండదు. పాపకు మూడేళ్ళు రావడానికి ఇంకా పది నెలలు ఉంది, ఆలోగా అడగండి.

చివరగా నివేదిక. బిడ్డ విదేశానికి చేరిన మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి నివేదిక పంపాలన్నది కారా నిబంధన. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం దత్తత ఉత్తర్వు అమలులోకి వచ్చిన రోజునుంచి పాప అన్ని విధాలా మీ బిడ్డే. ముద్ద ఉమ్మేస్తోందని, రాత్రి లేస్తోందని చెప్పినంత మాత్రాన ఆ ఉత్తర్వు చెదిరిపోదు. నిజం చెప్పిన ఇంటికే సాయం అందుతుంది. అంతా బాగుందని రాయించుకుని లోలోపల విరిగిపోతున్న ఇంటిలో సోషల్ వర్కర్‌కు ఏం చేయాలో తెలియదు. మీరు నాకు రాసిన ఉత్తరం ప్రతిని, ఆ చివరి వాక్యంతో సహా, ఆమె చేతిలో పెట్టండి.

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి, కోడలు కాలిఫోర్నియాలో ఉంటారు. ఆరు నెలల క్రితం రెండేళ్ళ బాబును దత్తత తెచ్చుకున్నారు. వచ్చే నెల మేమిద్దరం అక్కడికి వెళుతున్నాం. కోడలు ఫోనులో, 'అత్తయ్యా, కొన్నాళ్ళు బాబును మీరు ఎత్తుకోకూడదు, అన్నం పెట్టకూడదు, ఏమీ అనుకోవద్దు' అన్నది. ముగ్గురు మనవలను ఈ చేతులతో పెంచినదాన్ని, మనసు చివుక్కుమంది. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తానని మొక్కుకున్నాను, చెవులు కూడా కుట్టించాలని ఉంది. చుట్టాలు ఏవేవో అడుగుతున్నారు, వాళ్ళకు ఏమని చెప్పాలి?
ఒక నానమ్మ

జవాబు: అమ్మా, మీ కోడలు చెప్పిన మాట మీ పెంపకం మీద అపనమ్మకంతో చెప్పినది కాదు. ఆమెకు ఎవరో మంచి సలహా ఇచ్చారు, ఆమె దాన్ని పాటించే ధైర్యం చేసింది. మీ ముగ్గురు మనవలకు తమ అమ్మ ఎవరో పుట్టిన గంటనుంచే తెలుసు. అందుకే వాళ్ళు మీ ఒడిలో పెరిగినా ఏ గందరగోళమూ రాలేదు. ఈ బాబు చేతులు మారుతూ పెరిగినవాడు. ఈ కొత్త ఇంట్లో ఆకలేస్తే, దెబ్బ తగిలితే ఎవరి దగ్గరకు పరుగెత్తాలో వాడి ఒంటికి తెలిసేదాకా ఆ మనుషులు ఇద్దరే ఉండాలి. మీరు ముద్ద పెడితే వాడు మిమ్మల్ని ప్రేమిస్తాడు, అందులో సందేహం లేదు. ఆరు నెలలకు అక్కడ ఉండే గడువు అయి మీరు విమానం ఎక్కిన రోజు వాడికి మరో అమ్మ మాయమైనట్లే ఉంటుంది.

కూతురి పురుటికి వెళ్ళినప్పుడు మీరు ఏం చేశారో ఇప్పుడు కోడలికి అదే చేయండి. వంట మీరు చూసుకోండి, ఆమెను మధ్యాహ్నం పడుకోమనండి, ఆమె బాబుకు తినిపిస్తుంటే కంచం మీరు కలిపి ఆమె చేతికివ్వండి. బాబుకు దగ్గరలో నేల మీద కూర్చుని పప్పు ఏరుకోండి, బంతి దొర్లించండి, కథ చెప్పండి. వాడే మీ దగ్గరకు వస్తాడు. చేతులు చాచినప్పుడు తల నిమిరి, 'అమ్మ దగ్గరకు పోదాం పద' అని నడిపించుకుని వెళ్ళి ఆమెకు అందించండి. ఆ నాలుగడుగులు మీరు వాడికి ఇచ్చే పెద్ద కానుక. కొన్ని నెలల తరువాత కోడలే బాబును తెచ్చి మీ ఒడిలో పెడుతుంది, అప్పటిదాకా ఓర్చుకోండి.

పుట్టువెంట్రుకలు మూడో ఏట, ఐదో ఏట తీయించే ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది, కాబట్టి మొక్కు ఎక్కడికీ పోదు. శిశుగృహాలలో పిల్లలకు జుట్టు పొట్టిగా కత్తిరిస్తుంటారు, ఇప్పుడే కొంచెం పెరిగిన జుట్టును తల్లి నూనె రాసి దువ్వుకోనివ్వండి. చెవులు కుట్టించడం మాత్రం మొదటి ఏడాదిలో వద్దు. అమ్మ పట్టుకుంటే నొప్పి పుట్టిందన్న జ్ఞాపకం వాడికి ఇప్పుడు ఉండకూడదు.

చుట్టాల సంగతి. బాబు ఎలా, ఎందుకు శిశుగృహానికి చేరాడన్నది వాడి సొంత కథ. పెద్దయ్యాక ఎవరికి చెప్పాలో వాడే నిర్ణయించుకోవాలి. అడిగినవారికి 'మా మనవడు' అన్న ఒక్క మాట చాలు. ఎవరి పోలిక అని అడిగితే వాడి పోలిక వాడిదేనని చెప్పండి, రంగు ప్రస్తావన వస్తే మాట మార్చకుండా అక్కడే ఆపండి. 'ఎంత పుణ్యం చేశారో', 'వాడెంత అదృష్టవంతుడో' అని వాడి ముందు అననివ్వకండి. కన్నతల్లిని పోగొట్టుకున్న బిడ్డను అదృష్టవంతుడనడం న్యాయం కాదు, అమ్మానాన్నలకు రుణపడి ఉండాలన్న భావనతో ఏ బిడ్డా పెరగకూడదు. ఇంకొక మాట ప్రత్యేకంగా అడుగుతున్నాను. మన ఇళ్ళలో పిల్లలను ఏడిపించడానికి 'నిన్ను తవుడు పోసి కొనుక్కున్నాం' అంటాం. తమ ఇంట పుట్టామని తెలిసిన పిల్లలకు అది ఆట. ఈ బాబుకు అది నిజంలా వినిపిస్తుంది. ఆ మాట మీ వంశంలో ఏ బిడ్డతోనూ ఇక అనవద్దని అందరికీ మీరే చెప్పాలి, పెద్దవారు మీరు చెబితేనే వింటారు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్ నుంచి బాబును తెచ్చుకున్నాం, ఇప్పుడు వాడికి రెండున్నరేళ్ళు. రెండు నెలలలో మా చెల్లెలి పెళ్ళి హైదరాబాద్‌లోనే ఉంది. అందరికీ బాబును చూపించి, పనిలో పనిగా వాడు పెరిగిన శిశుగృహానికి కూడా తీసుకువెళదామని అనుకుంటున్నాం. దత్తత సంగతి వాడికి ఎప్పుడు చెప్పాలో కూడా తెలియజేయగలరు.
ఒక తండ్రి

జవాబు: వీలైతే పెళ్ళికి మీరు ఒక్కరే, నాలుగైదు రోజులకు వెళ్ళి రండి. ఎక్కడినుంచి తనను తెచ్చారో అక్కడికే, పెట్టెలు సర్దుకుని, విమానంలో తీసుకువెళితే, తిరిగి అప్పగించడానికే తీసుకువెళుతున్నారని రెండున్నరేళ్ళ బిడ్డ అనుకోవడంలో తప్పేముంది? పెళ్ళి పందిట్లో వందమంది ఒకరి చేతుల్లోనుంచి మరొకరు అందుకుంటూ ఉంటే, ఎనిమిది నెలల్లో మీరు కట్టుకున్నది కదలిపోతుంది. శిశుగృహానికి తప్పక తీసుకువెళ్ళాలి, కానీ ప్రశ్నలు అడిగే వయసు వచ్చాక, వాడే రమ్మన్నప్పుడు తీసుకువెళ్ళండి. మీరు ఒక్కరే వెళ్ళినప్పుడు మాత్రం అక్కడికి వెళ్ళి, వాడిని చూసుకున్న ఆయమ్మను కలిసి, ఆమె అనుమతితో ఒక ఫోటో, ఆమె గొంతులో వాడి పేరు, వాడి అలవాట్లు రికార్డు చేసుకుని రండి. ఆ సిబ్బంది మారిపోతుంటారు, ఐదేళ్ళ తరువాత ఆ గొంతు ఎక్కడా దొరకదు. అక్కడినుంచి వాడు వేసుకుని వచ్చిన చొక్కాను, అక్కడి వాసన పోకుండా, ఉతకకుండా దాచారని ఆశిస్తున్నాను.

దత్తత మాట వాడికి ఇప్పటినుంచే వినపడాలి. ఒకరోజు కూర్చోబెట్టి చెప్పే రహస్యంగా దాన్ని దాచి ఉంచకండి. స్నానం చేయించేటప్పుడు, 'నువ్వు హైదరాబాద్‌లో పుట్టావు, అక్కడ నిన్ను కన్నమ్మ ఉంది, ఆయమ్మ నిన్ను చూసుకుంది, తరువాత అమ్మా నాన్నా విమానంలో వచ్చి నిన్ను ఇంటికి తెచ్చుకున్నారు' అని వాడి కథను కథలాగే చెప్పండి. అర్థం తరువాత తెలుస్తుంది, ఆ మాటలు మీ నోట మామూలుగా వస్తాయన్నది ఇప్పుడే తెలుస్తుంది.

తప్పనిసరిగా అందరూ వెళ్ళవలసి వస్తే, పెట్టెలు వాడి కంటపడకుండా అర్ధరాత్రి సర్దకండి. వాడి ముందే సర్దండి, మీ బట్టలు, వాడి బట్టలు ఒకే పెట్టెలో పెట్టండి. వాడికి బాగా ఇష్టమైన బొమ్మలలో ఒకదాన్ని వాడి చేతనే వాడి మంచం మీద పడుకోబెట్టించి, 'మనం తిరిగి వచ్చేదాకా ఇది ఇక్కడ ఉంటుంది' అని చెప్పి తలుపు వేయండి. అక్కడున్నన్ని రోజులూ, పడుకునే ముందు, ఇంట్లో ఆ బొమ్మ ఏం చేస్తుంటుందో వాడితో మాట్లాడండి.